రహదారికి కొస ఎక్కడ?

దారుల మీద మమకారము గలవారు నలుగురు ఒకచోట చేరినప్పుడు తప్పక వచ్చెడి ప్రశ్న ఒకటి ఉన్నది. మొట్టమొదట ఈ కొస నుండి ఆ కొస వరకు మీరు స్వయముగా బండి నడిపిన రహదారి ఏది? ప్రశ్న చిన్నదే. కాని జవాబు చెప్పబోయేవారు సాధారణముగా ఒక్క నిమిషము ఆగుదురు. తాము వందసార్లు ప్రయాణము చేసిన దారిని సయితము నిజమునకు సగమే చూచినామని ఆ నిమిషములో వారికి తట్టును. మన హైదరాబాదు నగరమునకు పడమట, హైటెక్ సిటీ, మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో, అనగా సైబరాబాదు అని పిలువబడుచున్న చోట, ఈ ప్రశ్నకు ఒక ప్రత్యేకమైన అర్థము ఏర్పడినది. అది ఎట్లో చెప్పుటకే ఈ ప్రసంగము.

1998 నవంబరులో అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిన నాటికి ఆ చుట్టుపట్ల ఉన్నవి బండరాళ్ళు, పొదలు, అక్కడక్కడ చెరువులు. అటు తరువాత పాతిక సంవత్సరములలో కృష్ణా, గుంటూరు, గోదావరి, నల్లగొండ, వరంగల్లు సీమలనుండి యువజనులు లక్షల సంఖ్యలో వచ్చి అక్కడి కార్యాలయములలో కుదురుకొన్నారు. ఉద్యోగము వచ్చిన కొన్నేండ్లకు కారు; కారు వచ్చిన ఏడే సంక్రాంతికి ఊరి ప్రయాణము. పండుగ ముందటి రోజులలో చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్ గేటు ముందు బారులు తీరిన బండ్లను చూచినవారికి ఈ వరుస చెప్పనక్కరలేదు. అయితే ఊరికి పోవువాడు ఊరు రాగానే ఆగును. సూర్యాపేటవారికి ఆ దారి సూర్యాపేటతో సరి, నందిగామవారికి నందిగామతో సరి. పూనా కార్యాలయమునకు బదిలీ అయినవారికి అదే దారిలో అటు సగము తెలియును, ఇటు సగము తెలియదు. ఒకే రహదారిని ఇంతమంది ముక్కలు ముక్కలుగా ఎరిగియున్నారు. నిండుగా ఎరిగినవారు బహు కొద్దిమంది.

ఇట్లు ముక్కలగుటకు మన వాడుక కూడ ఒక కారణము. మనము దారిని అది చేరెడి ఊరి పేరుతో పిలుతుము. పటాన్‌చెరు, మియాపూరు, కూకట్‌పల్లి వాసులకు తమ వాకిటి ముందరి రహదారి ‘బొంబాయి రోడ్డు’. దిల్‌సుఖ్‌నగర్ దాటి హయత్‌నగర్ చేరునప్పటికి అదే ‘విజయవాడ రోడ్డు’ అయినది. జగ్గయ్యపేటవారు దానినే ‘హైదరాబాదు రోడ్డు’ అందురు. విజయవాడ నడిబొడ్డునకు వచ్చునప్పటికి ‘బందరు రోడ్డు’ అయి కూర్చున్నది. దానికి మహాత్ముని పేరు పెట్టి ఎన్నో ఏండ్లయినను ఆటోవాని నోట బందరు రోడ్డే. ఇన్ని పేర్లు గల ఆ దారి ఒక్కటే. పూనాలో మొదలై షోలాపూరు, జహీరాబాదు, హైదరాబాదు, విజయవాడల మీదుగా మచిలీపట్నము చేరెడి 65వ నంబరు జాతీయ రహదారి అది. పొడవు 840 కిలోమీటర్లకు పైమాట. బొంబాయికి పోవునని పేరే గాని, ఆ నంబరు పూనాను దాటదు.

నంబరు సంగతి కొంచెము వివరింపవలసి యున్నది. 2010కి పూర్వము ఈ దారి సంఖ్య 9. తల నెరసిన డ్రైవర్లు కొందరు ఇప్పటికిని ‘నేషనల్ హైవే తొమ్మిది’ అనియే అందురు. ఆ సంవత్సరము కేంద్రప్రభుత్వము దేశములోని జాతీయ రహదారుల సంఖ్యలన్నిటిని ఒక పద్ధతిలోనికి మార్చినది. ఉత్తర దక్షిణములుగా పోవు ప్రధానమైన దారులకు సరి సంఖ్యలు. అవి తూర్పున చిన్నవిగా మొదలై పడమటికి పోయినకొలది పెరుగును. తూర్పు కోస్తా వెంబడి కొల్‌కతా నుండి చెన్నైకి పోవునది 16, దేశము నడుమగా శ్రీనగరు నుండి కన్యాకుమారికి దిగునది 44, పడమటి తీరపు దారి 66. తూర్పు పడమరలుగా పోవువానికి బేసి సంఖ్యలు. అవి ఉత్తరమున చిన్నవి, దక్షిణమునకు వచ్చినకొలది పెద్దవి. మూడంకెల సంఖ్య కనబడినచో అది ఏదో ఒక ప్రధాన రహదారికి కొమ్మ అని గ్రహింపవచ్చును. హైదరాబాదు నుండి శ్రీశైలము వైపు పోవు 765లో చివరి రెండంకెలు 65 గదా, అది ఈ దారికి బిడ్డ. వరంగల్లు మీదుగా పోవు 163 వేరొక తల్లి బిడ్డ, 63వ నంబరుది. దారి ప్రక్కన రాతి తలకు వేసిన రంగు కూడ ఒక భాషయే. పసుపు జాతీయ రహదారికి, ఆకుపచ్చ రాష్ట్ర రహదారికి, నారింజ పల్లెబాటకు. పిల్లలను వెంటబెట్టుకొని పోవునప్పుడు ఈ రంగులు, ఈ లెక్కలు చెప్పిన, కనీసము ఒక గంట వారు ఫోను అడుగరు.

ఇక ఈ కార్యాలయముల యువకులలో పలువురు, తాము పూర్తిగా నడిపిన మొదటి రహదారి అని చెప్పుకొనునది 65వ నంబరును కాదు, ఔటర్ రింగు రోడ్డును. నగరము చుట్టును 158 కిలోమీటర్లు, ఎనిమిది వరుసలు. గచ్చిబౌలి నుండి శంషాబాదు వరకు మొదటి భాగమును 2008లో తెరచినారు. పదేండ్లకు, 2018లో, కండ్లకోయ దగ్గరి చివరి ముక్క కలిసి వలయము పూర్తియైనది. చమత్కారమేమనగా ఈ దారికి కొస లేదు. నానక్‌రామ్‌గూడలో ఎక్కినవాడు శంషాబాదు, పెద్ద అంబర్‌పేట, ఘట్‌కేసర్, శామీర్‌పేట, మేడ్చల్, పటాన్‌చెరు అన్నియు చుట్టి మరల నానక్‌రామ్‌గూడలోనే దిగును. ద్విచక్రవాహనములకు ప్రధాన మార్గము మీద ప్రవేశము లేదు. అడ్డముగా వచ్చు దారి లేదు, ఎదురుగా వచ్చు బండి లేదు. దీనిని మేము తక్కువ చేయుట లేదు. నగరములోని రద్దీని తప్పించుటలో ఇది చేసిన మేలు అందరును అనుభవించుచున్నదే. కాని ఇంటి చుట్టు ప్రదక్షిణము చేసినవానిని యాత్ర చేసి వచ్చినాడనుట మాకు సమ్మతము కాదు.

ఇక్కడ ఇంటివారికి ఒక మాట. 2023 నుండి ఈ వలయముపై గంటకు 120 కిలోమీటర్ల వేగము వరకు అనుమతి ఉన్నది. ఆ వేగమున బండి సెకనుకు 33 మీటర్లు పోవును. కనురెప్ప రెండు సెకన్లు వాలినచో 66 మీటర్లు కన్నులు లేకుండ పోయినట్లే. ఒడిదుడుకులు లేని దారి మీదనే నిద్ర ముంచుకొని వచ్చును. రాత్రి పని ముగించుకొని వేకువన సరదాగా ఒక చుట్టు చుట్టి వత్తుమని బయలుదేరువారికి ఈ లెక్క ముందుగా చెప్పవలెను.

ఈ వలయము 65వ నంబరును రెండు చోట్ల తాకును. పడమట పటాన్‌చెరులో, తూర్పున పెద్ద అంబర్‌పేటలో. పూనా నుండి వచ్చువారు మొదటి చోట వలయమెక్కి రెండవ చోట దిగినచో నగరమును ముట్టుకొనకుండనే దాటవచ్చును. దీనితో దారిపిచ్చి గలవారి మధ్య ఒక ధర్మసందేహము పుట్టినది. నగరములోని ముక్కను విడిచిపెట్టినవాడు రహదారిని పూర్తి చేసినట్లా, కాదా? కాదనెడి పక్షమే మాకు న్యాయముగా తోచుచున్నది. ఏలయనగా ఈ దారికి నడుమనున్న ప్రాణమంతయు ఆ ముక్కలోనే ఉన్నది. మియాపూరు, కూకట్‌పల్లి, మూసాపేట, ఎర్రగడ్డ, అమీర్‌పేట, పంజగుట్ట, ఖైరతాబాదు, లక్డీకాపూల్, నాంపల్లి, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్. మియాపూరు నుండి పోవు మెట్రోరైలు స్టేషన్ల పేర్లు వరుసగా చదివినచో పాత రహదారి చిరునామా చాలవరకు చదివినట్లే. 2017, 2018 సంవత్సరములలో రైలు నడక మొదలైన పిమ్మట దారి ఆ స్తంభముల నీడలోనికి పోయినది. తాను కూకట్‌పల్లిలో కూరగాయలు కొనుచున్నది బందరు పోవు రహదారి అంచున అని ఆ ఇల్లాలికి ఎవరు చెప్పవలెను?

ఇక ప్రయాణమునకు వత్తుము. పూనా సముద్రమట్టమునకు సుమారు 560 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడినుండి కదలిన దారి భిగ్వాన్ దగ్గర ఉజ్జని జలాశయపు అంచులను ఒరసికొనుచు పోవును. శీతకాలమున అక్కడి నీటిపై రాజహంసలను బోలిన గులాబిరంగు పక్షులు గుంపులుగా దిగును. పిదప భీమానదిని దాటి షోలాపూరు, కోట గల నల్‌దుర్గ్, ఉమర్గా, కొంచెము కర్ణాటకపు నేల, హుమ్నాబాదు, జహీరాబాదు. ఈ భాగమంతయు నల్లరేగడి, చెరకు, జొన్న. దీర్ఘమే గాని చెప్పవలసినది తక్కువ. తెలుగు అక్షరము మొదట కనబడిన చోట బండిలోనివారు ఉలిక్కిపడి లేచి కూర్చుండుట మాత్రము అనుభవైకవేద్యము.

కొస నుండి కొసకు పోయినవారికి గాని తెలియని విషయమొకటి ఇందులో దాగి ఉన్నది. ఈ దారి దాటెడి పేరుగల నదులన్నియు చివరకు కృష్ణలో కలియునవే. భీమ కృష్ణకు పెద్ద ఉపనది. హైదరాబాదులో మనము ముక్కు మూసికొని దాటెడి మూసీని, సూర్యాపేట చేరకముందు ఇదే రహదారి మరల దాటును. అక్కడి మూసీ వెడల్పుగా, వేరొక నదివలె ఉండును. కోదాడ దాటిన తరువాత పాలేరు. అదియే ఇప్పుడు తెలంగాణమునకు ఆంధ్రప్రదేశ్‌కు నడిమి ఎల్ల. నందిగామ దాటగా కీసర దగ్గర మునేరు. తుదకు విజయవాడలో కృష్ణయే ప్రత్యక్షమగును. నీళ్ళు ఎటు పోవునో దారియు అటే పోవుచున్నది. ముక్కలుగా ప్రయాణము చేసినవారికి నాలుగు వంతెనలు, నాలుగు పేర్లు. పూర్తిగా పోయినవారికి ఒకే వాలు.

ఆ వాలును మరచినందుకు నదులు జ్ఞాపకము చేయుచునే ఉన్నవి. 2023 జూలైలో మునేరు పొంగి నందిగామ దగ్గరి ఐతవరమున రహదారి మీదనే ప్రవహించినది. రెండు రాజధానుల నడుమ రాకపోకలు ఆగి, బండ్లు మైళ్ళకొలది నిలిచిపోయినవి. 2024 సెప్టెంబరు మొదట్లో మరల వరద. ఈసారి పాలేరు దగ్గర కూడ దారి దెబ్బతిన్నది. నాలుగు వరుసల రహదారిగా విస్తరించిన పని 2012లో పూర్తియైన నాటినుండి, హైదరాబాదు విజయవాడల మధ్యనున్న సుమారు 270 కిలోమీటర్లను జనులు గంటలతో కొలుచుచున్నారు గాని నదులతో కొలుచుట లేదు. బస్సులో రాత్రివేళ నిద్రపోయి తెల్లవారి కన్ను తెరచువానికి మునేరు ఉన్నదని ఎట్లు తెలియును? నీళ్ళు చక్రములను తాకినప్పుడు తెలియును.

పూర్వపు బాటసారులు ఇట్లు కాదు. ఈ దారి తూర్పు సగము ఇంజనీర్లు కనిపెట్టినది కాదు. హైదరాబాదు నగరము 1591లో వెలసిన నాటికే గోల్కొండ రాజ్యమునకు మచిలీపట్నము సముద్రద్వారముగా ఉన్నది. రాజధాని వజ్రములను, వస్త్రములను ఆ రేవు పారశీకమునకు, ఎర్రసముద్రపు తీరములకు పంపినది. గుర్రములు, విదేశీ సరకులు అటునుండి ఇటు ఎక్కి వచ్చినవి. డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు అక్కడ వర్తకస్థానములు పెట్టుకొన్నారు. పదునేడవ శతాబ్దమున గోల్కొండకు వచ్చిన టావెర్నియర్ అను ఫ్రెంచి రత్నవర్తకుడు తన యాత్రాగ్రంథమున ఈ మార్గపు మజిలీలను వర్ణించి చెప్పినాడు. రాజధాని విడిచినవారికి తొలి విడిది దగ్గర హయత్ బక్షీ బేగము పేరు ధరించిన మసీదు, సరాయి నేటికిని హయత్‌నగరులో ఉన్నవి. ఆమె మహమ్మద్ కులీ కుతుబ్‌షా కుమార్తె, అబ్దుల్లా కుతుబ్‌షాకు తల్లి. ఎద్దుబండి ఒక పగటిలో పోగలిగినంత దూరము ఒక మజిలీ. నీరున్నచోట, నీడయున్నచోట మాత్రమే మజిలీ. అందుచేత ఆనాటి బాటసారికి ప్రతి వాగు పేరు పేరున తెలిసియుండెడిది. ఇప్పుడు నార్కట్‌పల్లి, సూర్యాపేటల పరిసరములలో బస్సులు భోజనమునకు ఆగుట ఆ మజిలీ అలవాటునకు మిగిలిన ఆనవాలు.

మా వృత్తికి సంబంధించిన ముచ్చట ఒకటి ఇక్కడ చెప్పుకొనకుండ ఉండలేము. కారులలో మీడియం వేవ్ రేడియోయే తోడుగా ఉన్న కాలమున ఈ దారికి కిలోమీటరు రాళ్ళు గాక మరొక కొలత ఉండెడిది. హైదరాబాదు కేంద్రము మాట క్రమముగా సన్నగిల్లి గరగరలలో కలిసిపోవుట, ఆ గరగరలలోనుండి 1948లో ఆరంభమైన విజయవాడ కేంద్రము మాట మెల్లగా పైకి తేలుట. రెండు కేంద్రములు ఒకదానిపై ఒకటి వినబడు ఆ నడిమి సీమలో, ఒకరి వార్తలకు ఇంకొకరి సంగీతము తోడగుటయు కలదు. ఆ చోటు పగలొక దగ్గర, రాత్రి ఇంకొక దగ్గర. ఏ పటములోను గుర్తింపబడలేదు. ఎఫ్.ఎమ్. వచ్చిన పిమ్మట మాట నిర్మలమైనది గాని అంత దూరము పోదు.

విజయవాడ ప్రవేశము కూడ మారినది. ఇంద్రకీలాద్రి కొండకు కృష్ణకు మధ్య ఇరుకున దారి గంటలకొలది నిలిచిపోవుట పూర్వపు అనుభవము. 2020 అక్టోబరులో కనకదుర్గ ఫ్లైఓవరు తెరచినది మొదలు ఆ ఇరుకు తలమీదుగా దాటుచున్నారు. ఎడమ ప్రక్క గుడి, కుడి ప్రక్క నది, రెండును ఒక్కసారి కనబడును. నూటికి తొంబదిమంది ప్రయాణము ఇక్కడ సమాప్తము. దారి మాత్రము సమాప్తము కాలేదు. ఇంకను సుమారు 70 కిలోమీటర్లు ఉన్నది.

మా దృష్టిలో ఆ మిగిలిన ముక్కయే మొత్తము ప్రయాణమునకు జీవము. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు. చెరకు తోటలు, వరిచేలు, ప్రక్కప్రక్కనే సాగు కాలువలు. రాయి అన్నది కంటికి కనబడదు. హైదరాబాదు బండరాళ్ళ మధ్యనుండి బయలుదేరినవారికి ఈ నున్నని పచ్చదనము వేరొక లోకముగా తోచును. పామర్రు దగ్గర ఒక మలుపు తిరిగినచో నాట్యమునకు పేరిచ్చిన కూచిపూడి. గాలిలో ఉప్పదనము తగులుట మొదలగును. కార్యాలయపు సెలవు రెండు దినములే గదాయని విజయవాడలో వెనుదిరిగినవారు దీనిని ఎరుగరు.

బందరు అనిన రేవు అని అర్థము. ఊరి పేరే దారి పని ఏమిటో చెప్పుచున్నది. 1864 నవంబరు 1న వచ్చిన తుపాను ఉప్పెనలో సుమారు ముప్పది వేలమంది ప్రాణములు పోయినవి. రేవు పూడిక, ఇతర రేవుల పోటీ కలిసి ఆ పట్టణము ఓడల పటములోనుండి క్రమముగా జారిపోయినది. కలంకారీ అద్దకము మాత్రము ప్రక్కనున్న పెడనలో నిలిచియున్నది. రాజధానికి రేవునకు నడుమ పుట్టిన దారి, రేవు పోయిన పిమ్మట కూడ పోవుచునే యున్నది. బరువులు మాత్రము దిక్కు మార్చినవి. ఒకప్పుడు సరకులు తూర్పునకు దిగెను, ఇప్పుడు మనుష్యులు పడమటికి ఎక్కుచున్నారు. గోల్కొండ కోటకు కూతవేటు దూరమున లేచిన అద్దాల మేడలే వారి గమ్యము. 2023లో మచిలీపట్నమున క్రొత్త రేవు పనులు మొదలైనవి. అది పూర్తియైన దినమున దారికి తన పాత పని మరల దొరకవచ్చును.

ఇంతకు కొస ఎక్కడ? సముద్రపుటొడ్డున ఉండునని ఊహించి వచ్చువారే ఎక్కువ. అట్లు కాదు. మంగినపూడి సముద్రతీరము ఊరికి పది కిలోమీటర్ల పైబడిన దూరమున ఉన్నది; అచ్చటికి పోవు దారి 65వ నంబరు కాదు. ఆ నంబరు మచిలీపట్నములోనే, మరొక జాతీయ రహదారిని కలిసిన చోట ముగియును. తోరణము లేదు, అభినందన ఫలకము లేదు. పూనా నుండి అంత దూరము నడిపి వచ్చినవారు అచ్చట దిగి, ఫొటో తీసికొనుటకు తగిన బోర్డు కొరకు అటు ఇటు వెదకుటయు, ప్రక్క దుకాణమువారు వింతగా చూచుటయు సహజము. బందరు లడ్డు ఒక పొట్లము కొనుక్కొని తిరుగు ప్రయాణమగువారు కొందరు. మంగినపూడికి పోయి నీళ్ళలో కాలు పెట్టినగాని లెక్క కుదరదనువారు కొందరు. మూడవ తెగవారు కూడ ఉన్నారు. వారు ఆ కూడలిలో నిలిచి రెండవ రహదారి సంఖ్యను చదువుదురు: 216. మూడంకెలు, చివరి రెండు 16. తూర్పు కోస్తా దారికి కొమ్మ. ఎడమకు పోయిన నరసాపురము, అమలాపురము, కాకినాడల మీదుగా కత్తిపూడి. కుడికి పోయిన రేపల్లె, బాపట్ల, చీరాలల మీదుగా ఒంగోలు.